స్పినాలోంగా: మందు వచ్చినా వెంటనే తెరుచుకోని ద్వారం

గ్రీస్ దేశానికి దక్షిణాన క్రీట్ అనే పెద్ద ద్వీపం ఉంది. దాని ఈశాన్య తీరంలో, మిరాబెల్లో అఖాతపు నీలి నీళ్ళలో, ప్లాకా అనే పల్లెకు ఎదురుగా ఒక చిన్న దీవి కనిపిస్తుంది. పేరు స్పినాలోంగా. విస్తీర్ణం ఎనిమిదిన్నర హెక్టార్లు, మన లెక్కలో ఇరవై ఒక్క ఎకరాలు. నడిచి చుట్టిరావడానికి గంట చాలు. ప్లాకా రేవులో పడవ ఎక్కితే పది నిమిషాలలో చేరవచ్చు. ఎలూండా పట్టణం నుంచి అయితే అరగంట లోపు ప్రయాణం.

ఏటా లక్షలాది మంది ఈ దీవికి వస్తారు. ప్లాకా గులకరాళ్ళ తీరంలో ఈదులాడి, ఎలూండా ఇసుకలో సేదతీరి, పూర్వాహ్ణమో అపరాహ్ణమో పడవెక్కి కోట చూసి వెళతారు. కోట అందమైనదే. కానీ ఈ దీవి పేరు ప్రపంచానికి తెలిసింది కోట వల్ల కాదు. 1904 నుంచి 1957 వరకు ఇక్కడ కుష్ఠువ్యాధిగ్రస్తులను ఉంచారు. వారిలో చాలామంది బలవంతంగా వచ్చినవారే, ఎక్కువమంది మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. యూరప్‌లో చిట్టచివరిగా మూతపడిన కుష్ఠు నివాసాలలో ఇది ఒకటి. వైద్యచరిత్రలో ఆసక్తి ఉన్నవారు ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. వ్యాధిని నయం చేసే మందు 1940లలోనే వచ్చింది. ద్వారం మాత్రం 1957 వరకు తెరుచుకోలేదు. ఆ నడిమి సంవత్సరాలకు వ్యాధి కారణం కాదు, భయం కారణం. ఆ భయం ఇవాళ్టికీ మన ఊళ్ళలో ఉంది కనుకనే ఈ దీవి కథ మన పాఠకులకు చెప్పదగినదని భావిస్తున్నాను.

కోట కట్టిన చేతులు

ఈ తీరంలో ప్రాచీన కాలంలో ఓలూస్ అనే గ్రీకు నగరం ఉండేది. దాని గోడల శిథిలాలు నేటికీ ఎలూండా దగ్గర లోతులేని నీళ్ళలో మునిగి కనిపిస్తాయి. ఒడ్డునే తొలి క్రైస్తవ కాలపు ప్రార్థనాలయం ఒకటి ఉండేది. దాని గచ్చు మాత్రం మిగిలింది. రంగు రాళ్ళతో పొదిగిన ఆ గచ్చుపై చేపల బొమ్మలు చూడవచ్చు.

మధ్యయుగాలలో క్రీట్ వెనిస్ వర్తక రాజ్యం చేతిలో ఉండేది. 1571లో సైప్రస్ ద్వీపం తుర్కుల వశం కావడంతో, తరువాతి వంతు క్రీట్‌దేనని వెనిస్ ప్రభువులు గ్రహించారు. ఎలూండా రేవునూ అక్కడి ఉప్పుమడులనూ కాపాడుకోవడానికి 1579లో ఈ దీవి మీద కోట కట్టడం మొదలుపెట్టారు. అఖాతంలోకి వచ్చే ఏ నావనైనా ఫిరంగి గుండు అందుకునేటట్లు అర్ధచంద్రాకారపు బురుజులు నిర్మించారు. దీవిలో ఊటనీరు లేదు. అందుచేత వాననీటిని పట్టి నిలవ చేసే తొట్లు తవ్వించారు. మూడు వందల ఏళ్ళ తరువాత రోగులు తాగింది కూడా ఇలా పట్టిన వాననీళ్ళే.

దీవి పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘ఎలూండాకు’ అని గ్రీకులు అనే మాటను వెనిస్ వారు తమ నాలుకకు తగినట్లు మలుచుకుని, తమ భాషలో ‘పొడవాటి ముల్లు’ అనే అర్థం వచ్చేటట్లు స్పినాలోంగా అని పిలిచారని పరిశోధకుల అభిప్రాయం.

1669లో క్రీట్ తుర్కుల పాలైంది. అయినా ఈ చిన్న కోట మరి 46 ఏళ్ళు వెనిస్ చేతిలోనే నిలిచి, 1715లో లొంగిపోయింది. ఆ తరువాత ఇక్కడ తుర్కు కుటుంబాలు స్థిరపడి ఊరు కట్టుకున్నాయి. 19వ శతాబ్దం చివరికి ఇక్కడ వెయ్యి మందికి పైగా ఉండేవారు. 1898లో క్రీట్‌కు స్వయంపాలన లభించాక తుర్కుల ప్రాబల్యం పోయింది. వారు ఒక్కొక్కరే ఇళ్ళు వదిలి వెళ్ళసాగారు.

భయం చట్టమైన తీరు

క్రీట్‌లో కుష్ఠువ్యాధి అంతకు ముందు నుంచే ఉంది. వ్యాధి సోకినవారిని ఊరి వెలుపలి పేటలలో ఉంచేవారు. వారు భిక్షాటనతో బతికేవారు. స్వయంపాలన వచ్చాక కొత్త ప్రభుత్వం వారందరినీ ఒకే చోట చేర్చాలని సంకల్పించింది. 1903లో స్పినాలోంగాను అందుకు ఎన్నుకున్నది. ఎంపికకు కారణాలు సులభంగానే ఊహించవచ్చు. చుట్టూ నీరు, నీటి చుట్టూ గోడ, గోడ లోపల ఖాళీ అవుతున్న ఇళ్ళు. మిగిలిన తుర్కు కుటుంబాలను త్వరగా పంపివేయడం కూడా ఒక ఉద్దేశమని చరిత్రకారులు అంటారు. 1904లో సుమారు 250 మంది రోగులను పడవలలో తెచ్చి దింపారు. 1913లో క్రీట్ గ్రీస్‌లో విలీనమైన తరువాత దేశం నలుమూలల నుంచి రోగులు రాసాగారు. ఒక దశలో వారి సంఖ్య నాలుగు వందల వరకు చేరింది.

ఇది క్రీట్ ప్రభుత్వానికి మాత్రమే తట్టిన ఆలోచన కాదు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. శాపమనీ, పాపఫలమనీ, వంశపారంపర్యమనీ తరతరాలుగా చెప్పుకుంటున్న వ్యాధికి ఒక కంటికి కనిపించని క్రిమి కారణమని తేలింది. ఇది విజ్ఞానపు విజయం. దాని వెంట ఒక విషాదం కూడా వచ్చింది. ‘క్రిమి’ అనగానే అంటుకుంటుందన్న భయం రెట్టింపయింది. హవాయి దీవులలోని మొలొకాయ్ స్థావరంలో రోగులకు సేవ చేస్తూ అదే వ్యాధికి గురైన ఫాదర్ డామియన్ 1889లో మరణించడంతో ఆ భయం ఖండాలు దాటింది. 1897లో బెర్లిన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కుష్ఠు సదస్సు రోగులను వేరుగా ఉంచడమే మార్గమని తీర్మానించింది.

మన దేశం కూడా ఈ గాలికి దూరంగా లేదు. 1890–91లో భారతదేశంలో పర్యటించిన కుష్ఠు కమిషన్, ఈ వ్యాధి అంటుకునే స్వభావం చాలా స్వల్పమనీ, రోగులను నిర్బంధంగా వేరుచేయడానికి తగిన కారణం లేదనీ అభిప్రాయపడింది. అయినా 1898లో ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం తెచ్చింది. దిక్కులేని రోగిని వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమంలో పెట్టే అధికారం ఆ చట్టం ఇచ్చింది. అది అమలులోకి వచ్చిన ప్రాంతాలలో రోగులు ఆహారపదార్థాలు అమ్మకుండా, ఊరి బావిలో నీరు తోడకుండా, బాడుగ బండి ఎక్కకుండా నిషేధించే వీలు కల్పించింది. తమ నిపుణులే అవసరం లేదన్న పనిని పాలకులు చేశారు. ప్రజల భయం ముందు నిపుణుల నివేదిక నిలబడలేదు.

గోడ లోపలి బతుకు

స్పినాలోంగాకు వచ్చినవారు రేవు నుంచి సొరంగం వంటి ఒక వంపు దారి గుండా లోపలికి నడవాలి. దానికి రోగులు ‘డాంటే ద్వారం’ అని పేరు పెట్టుకున్నారు. నరకయాత్రను వర్ణించిన ఇటలీ మహాకవి పేరది. వచ్చేవారికి లోపల ఏమి ఎదురవుతుందో తెలియదు. బయటికి వచ్చే రోజు ఉందో లేదో అంతకంటే తెలియదు.

తొలి దశాబ్దాలలో అక్కడ వైద్యం నామమాత్రం. ప్రభుత్వం రోగులకు నెలకింత అని చిన్న భత్యం ఇచ్చేది. ఎదుటి ఊళ్ళవారు కూరగాయలు, పాలు, చేపలు తెచ్చి కోట ద్వారం దగ్గర అమ్మేవారు. రోగులు ఇచ్చే నాణేలనూ, రాసే ఉత్తరాలనూ క్రిమిరహితం చేశాక గాని బయటికి పంపేవారు కాదు. అన్నం పెట్టే రైతుకూ అన్నం తినే రోగికీ మధ్య అంత దూరం పాటించేవారు.

అయినా మనుషులు ఉన్నచోట సంసారం మొలకెత్తక మానదు. చట్టం వద్దన్నా పెళ్ళిళ్ళు జరిగాయి, పిల్లలు పుట్టారు. వ్యాధి లక్షణాలు లేని పిల్లలను తల్లి నుంచి వేరుచేసి దీవి దాటించేవారు. ఇక్కడ ఒక వైద్య విషయం గుర్తుచేయాలి. కుష్ఠువ్యాధి పుట్టుకతో రాదు. తల్లిదండ్రులలో ఆ వ్యాధి ఉన్నా బిడ్డ ఆరోగ్యంగానే పుడుతుంది. ఆ రోజుల్లో తల్లికి మందు ఇవ్వగలిగి ఉంటే ఆ బిడ్డ ఆమె ఒడిలోనే పెరిగి ఉండేది.

ఎపామినోండాస్ రెముండాకిస్

ఈ దీవి చరిత్రలో తప్పక చెప్పుకోవలసిన పేరు ఎపామినోండాస్ రెముండాకిస్. న్యాయశాస్త్రం చదువుతున్న యువకుడు. వ్యాధి బయటపడి, 1936లో ఇక్కడికి వచ్చాడు. చట్టం చదువుకున్నవాడు కనుక తాము నేరస్థులం కామనీ, తమకూ హక్కులున్నాయనీ తోటివారికి చెప్పగలిగాడు. సంత్ పాంటెలిమోన్ పేరిట రోగుల సోదర సంఘం స్థాపించాడు. గ్రీకు సంప్రదాయంలో పాంటెలిమోన్ వైద్యుడైన సాధువు. దీవిలోని చర్చి కూడా ఆయన పేరిటే ఉంది.

ఆ సంఘం ఏం చేసిందో చూస్తే ఆరోగ్యశాఖల పనుల జాబితా గుర్తుకు వస్తుంది. వీధులు ఊడ్చే ఏర్పాటు చేశారు. ఇళ్ళకు సున్నం వేయించారు. కాఫీ దుకాణం, మంగలి దుకాణం వెలిశాయి. నాటకాలు ఆడారు. ధ్వనివర్ధకాల ద్వారా వీధులలో సంగీతం వినిపించారు. ప్రభుత్వానికి అర్జీలు పెట్టి సౌకర్యాలు సాధించుకున్నారు. 1930ల చివర కోటగోడలో కొంత భాగం పగలగొట్టి దీవి చుట్టూ దారి వేశారు. పురావస్తు దృష్టితో అది నష్టమే కావచ్చు. మూడున్నర శతాబ్దాల గోడ లోపల బందీలుగా ఉన్నవారికి సముద్రపు గాలి పీలుస్తూ నడవడానికి ఒక బాట దొరికింది.

రెముండాకిస్‌కు వ్యాధి వల్ల చూపు పోయింది, చేతులు పనికిరాకుండా పోయాయి. దీవి మూసివేశాక ఏథెన్స్ ఆస్పత్రిలో ఉంటూ, తన జీవితకథను నోటితో చెప్పి ఇతరుల చేత భద్రపరచాడు. 1973లో ఫ్రెంచి దర్శకుడు జాఁ-డానియెల్ పోలే స్పినాలోంగా మీద తీసిన డాక్యుమెంటరీలో రెముండాకిస్ స్వయంగా మాట్లాడతాడు. తమను జాలిగా గాని జుగుప్సగా గాని చూడవద్దని కోరిన మనిషిగా ఆయన నిలిచిపోయాడు.

మందు వచ్చింది, ద్వారం తెరుచుకోలేదు

20వ శతాబ్దపు తొలి సగంలో ఈ వ్యాధికి ఉన్న ఔషధం చాల్‌మూగ్రా నూనె ఒక్కటే. అది మన నేలదే. సుశ్రుత సంహితలో తువరకమనే చెట్టు గింజల నూనె ప్రస్తావన ఉంది, ఈ నూనె కూడా ఆ జాతి చెట్లదే. సూది ద్వారా ఇస్తే విపరీతమైన నొప్పి కలిగేది. కొందరికి కొంత గుణం కనిపించేది.

1941లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రిలో డాక్టర్ ఫాజే ప్రోమిన్ అనే సల్ఫోన్ మందును రోగులకు ఇచ్చి చూశాడు. మానని పుండ్లు మానసాగాయి. 1940ల చివరికి అదే జాతికి చెందిన డాప్సోన్ మాత్రలు వాడుకలోకి వచ్చాయి. చవకైన మందు. చెంగల్పట్టులో డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఈ మందుపై చేసిన కృషి ప్రపంచమంతటికీ ఉపయోగపడింది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, వ్యాధి సోకితే వేళ్ళు వాటంతట అవే రాలిపోవని నిరూపించాడు. స్పర్శ పోయిన చేతికి నిప్పు తగిలినా, మేకు గుచ్చుకున్నా తెలియదు. ఆ గాయాలే చేతిని తినేస్తాయి. వంకరపోయిన వేళ్ళను శస్త్రచికిత్సతో మళ్ళీ పనికి తెచ్చాడు. యూరప్‌లోని ఒక దీవిలో రోగులు గోడ వైపు చూస్తూ కూర్చున్న కాలంలోనే దక్షిణ భారతంలో ఈ పని జరుగుతూ ఉండేది.

కొత్త మందు గ్రీస్‌కూ చేరింది. దీవిలో జనాభా తగ్గుతూ వచ్చింది. 1957లో స్పినాలోంగాను మూసివేసి, మిగిలిన కొద్దిమందిని ఏథెన్స్ ఆస్పత్రికి తరలించారు. ఒక్క పూజారి మాత్రం 1962 వరకు దీవిలోనే ఉండిపోయాడు. చనిపోయినవారికి నిర్ణీత కాలాలలో, ఐదేళ్ళ వరకు, ప్రార్థనలు జరపడం గ్రీకు ఆచారం. సమాధులలో ఉన్నవారికి ఆ చివరి ప్రార్థన జరిపే వరకు ఆయన కదలలేదు. బతికినప్పుడు దగ్గరకు రాని లోకంలో, చనిపోయాక తోడుగా నిలిచిన మనిషి ఒకడు దొరికాడు.

హవాయిలో ఈ నిర్బంధం 1969 దాకా సాగింది. మన 1898 చట్టాన్ని అనేక రాష్ట్రాలు ముందే తొలగించినా, కేంద్ర చట్టపుస్తకాల నుంచి అది పోయింది 2016లో. జీవిత భాగస్వామికి కుష్ఠువ్యాధి ఉందన్న కారణంతో విడాకులు కోరే వీలును పార్లమెంటు తీసివేసింది 2019లో. పూర్తిగా నయమయ్యే వ్యాధి పేరుతో ఒక ఆడది ఇంటి నుంచి గెంటివేయబడే అవకాశం అప్పటిదాకా చట్టంలోనే ఉంది.

డిచ్‌పల్లి చూపిన దారి

స్పినాలోంగాలో రోగులను గోడ వెనుక ఉంచుతున్న కాలంలోనే మన తెలంగాణ నేల మీద వేరొక ప్రయత్నం జరిగింది. నిజామాబాద్ ప్రాంతంలో పనిచేస్తున్న మిషనరీ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్ వద్దకు కుష్ఠువ్యాధిగ్రస్తులు వచ్చేవారు. వారికి చోటులేక తిప్పి పంపవలసి రావడం ఆమెను కలచివేసింది. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలిసింది. అక్కడ చాల్‌మూగ్రా నూనె చికిత్స, పొలం పని, పిల్లలకు చదువు కలిసి సాగాయి. అది కూడా ఊరికి దూరంగా కట్టినదే, ఆ కాలపు పరిమితులు దానికీ ఉన్నాయి. కానీ అక్కడికి రోగులు చికిత్స కోరి వచ్చారు, గుణం కనిపించినవారు ఇళ్ళకు వెళ్ళారు. గోడకూ ఆస్పత్రికీ ఉన్న తేడా ఇదే.

వెళ్ళదలచినవారికి

ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పడవలు విరివిగా నడుస్తాయి. దీవిలో నీడ తక్కువ, దారి రాళ్ళమయం. మంచి చెప్పులు, టోపీ, తాగునీరు దగ్గర ఉంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు పై బురుజు ఎక్కే ప్రయత్నం మానుకోవచ్చు, ప్రధాన వీధి చదునుగానే ఉంటుంది. డాంటే ద్వారం, దుకాణాల వీధి, పాంటెలిమోన్ చర్చి, చివరన శ్మశానం, ఈ వరుసలో చూస్తే ఇక్కడి వారి జీవితం కళ్ళకు కడుతుంది. తిరుగు ప్రయాణంలో కొలొకిథా ఇసుక తీరంలో ఈత కొట్టవచ్చు. బ్రిటిష్ రచయిత్రి విక్టోరియా హిస్లాప్ 2005లో ఈ దీవి నేపథ్యంగా రాసిన ‘ది ఐలాండ్’ నవల చదివి వెళితే మరీ మంచిది.

దీవిలో ఇప్పుడు రోగి ఎవరూ లేరు. అక్కడ ఏదైనా తాకితే వ్యాధి వస్తుందేమోనన్న అనుమానం అవసరం లేదు. ఆ అనుమానం కలగడమే మనలో ఆ పాత గోడ మిగిలి ఉందనడానికి గుర్తు.

మచ్చ కనిపిస్తే

మన పల్లెల్లో ఈ వ్యాధిని పేరు పెట్టి పిలవడానికి కూడా జంకి ‘పెద్దరోగం’ అనేవారు. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా కొత్తగా గుర్తించే కేసులలో సగానికి పైగా మన దేశంలోనివే, ఏటా లక్షకు పైగా. 2005 డిసెంబరులో జాతీయస్థాయిలో ఇది ప్రజారోగ్య సమస్యగా తొలగిందని ప్రకటించారు. పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని మాత్రమే దాని అర్థం. వ్యాధి పూర్తిగా పోయిందని కాదు.

ఈ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుకే లక్షణాలు బయటపడడానికి సగటున ఐదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. అత్యధికులలో దీనిని ఎదుర్కొనే సహజశక్తి ఉంటుంది. కరచాలనం వల్ల, కలిసి భోజనం చేయడం వల్ల ఇది రాదు. చికిత్స పొందని రోగితో నెలల తరబడి సన్నిహితంగా ఉంటే సోకే అవకాశం ఉంది.

చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తగ్గితే వెంటనే చూపించుకోవాలి. నొప్పి లేదు, దురద లేదు కదా అని ఊరుకోవడమే ఇందులో ప్రమాదం. చేతులు, కాళ్ళ తిమ్మిరి, మోచేయి దగ్గర నరం ఉబ్బడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, కనురెప్ప పూర్తిగా మూయలేకపోవడం కూడా హెచ్చరికలే. ప్రతి మచ్చా కుష్ఠు కాదు. తేల్చవలసింది వైద్యుడు.

బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. ఈ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడాలి. చికిత్స మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు ఉండదు. ఇల్లు విడవనక్కరలేదు, ఉద్యోగం మాననక్కరలేదు. ఇంట్లోని ఇతరులు పరీక్ష చేయించుకుంటే, అర్హులైనవారికి నివారణ కోసం రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇస్తారు. ఆలస్యమైతే మందు క్రిమిని చంపగలదు గాని, దెబ్బతిన్న నరాన్ని తిరిగి తేవడం చాలాసార్లు సాధ్యం కాదు.

స్పినాలోంగాలో ఉన్నవారికి మందు లేక కాలం గడిచిపోయింది. మనకు మందు ఉంది, అదీ ఉచితంగా. మచ్చను దాచిపెట్టిన ప్రతి నెలా మనకు మనం కట్టుకునే గోడే. ఇరుగుపొరుగులో ఎవరికైనా ఇటువంటి మచ్చ కనబడితే దూరం జరగకండి. వెంట తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.